తనంతట తానే పడే గడియ

పోయిన నెలలో మా అమ్మాయి వాణి గుడివాడ నుంచి ఫోన్ చేసింది. మాటల మధ్యలో, ఇవాళ కూరేం వండావని అడిగినంత మామూలుగా, "అమ్మా, పెరట్లో కోళ్ళ గూడు కడుతున్నాను. ఒకసారి వచ్చి చూసి వెళ్ళు" అంది. నేను బందరులో మా వంటింట్లో నిలబడి ఉన్నాను. స్టవ్ మీద పాలు పొంగుతున్నాయి. కట్టేయాలని తెలుసు, చెయ్యి లేవలేదు. పాలన్నీ గట్టు మీదకి వచ్చేశాక, "ఇద్దరు చిన్నపిల్లల్ని పెట్టుకుని నీకెందుకే కోళ్ళు?" అన్నాను. "ఆ మాట నువ్వంటున్నావా!" అని పకపకా నవ్వింది. "కడుతున్నానని చెబుతున్నాను గానీ, కట్టమంటావా అని అడగట్లేదు" అని పెట్టేసింది. ఆ మొండితనం నా దగ్గర నుంచి వచ్చిందే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు.

మర్నాడు పొద్దున్నే గుడివాడ బస్సెక్కాను. పెడన దాటాక రోడ్డు పక్కన అక్కడక్కడా కాలవ కనిపిస్తుంది. నాకు ఎన్నో ఏళ్ళుగా ఒక అలవాటు ఉంది. బస్సెక్కగానే కాలవ ఏ వైపు వస్తుందో చూసుకుని రెండో వైపు కూర్చుంటాను. అటు సీటు దొరక్కపోతే కళ్ళు మూసుకుంటాను. పక్కనున్నవాళ్ళు నిద్రపోతున్నాననుకుంటారు. ఆ రోజు కాలవ వైపే సీటు దొరికింది. నాట్ల రోజులు, నీళ్ళు గట్టు అంచుదాకా ఉన్నాయి. గుర్రపుడెక్క దుబ్బులు పూలు పెట్టుకుని మెల్లిగా కదిలిపోతున్నాయి. గుడ్లవల్లేరు దాకా కళ్ళు మూసుకునే ఉన్నాను. మూసుకుంటే మాత్రం ఏం లాభం, ఏ కాలవ చూడకూడదనుకున్నానో ఆ కాలవే కనిపించింది.

నేను పుట్టు పిరికిదాన్ని. బందరులో పుట్టి పెరిగి, సముద్రాన్ని అంత దగ్గర పెట్టుకుని, మడమలు తడిసేవరకు తప్ప ఏనాడూ దిగినదాన్ని కాదు. మా అన్నయ్యలు అలల్లోకి లాగబోతే నేను పెట్టే కేకలకి చేపలు ఎండబెట్టుకునేవాళ్ళు పరుగెత్తుకొచ్చేవారట. అలాంటిదాన్ని తీసుకెళ్ళి మా ఆయన కాలవగట్టు మీద కాపురం పెట్టించారు. ఆయన బడిపంతులు. ముదినేపల్లికి దగ్గరలో ఒక ఊరి హైస్కూలుకి బదిలీ అయింది. ఆ ఊళ్ళో అద్దెకి దొరికిన ఇల్లు అదొక్కటే. ముందు వీధి, వెనక పెద్ద పెరడు, పెరడు చివర నాలుగు మెట్ల రేవు, రేవు కింద కాలవ. ఊరి చుట్టూ వరిచేలు, చేల మధ్య చేపల చెరువులు. ఇల్లు చూపిస్తూ ఇంటాయన, "మంచి గాలొస్తదండీ, వేసంకాలం కూడా చల్లగా ఉంటదండీ" అని చెబుతుంటే నేను రేవు మెట్లు లెక్కపెడుతున్నాను. నాలుగో మెట్టు నీళ్ళలో ఉంది. ఐదోది ఉందో లేదో కనిపించలేదు. ఆ కనిపించని మెట్టు గురించి ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆలోచించాను.

పెద్దాడు కిరణ్‌కి అప్పుడు ఏడేళ్ళు. పొద్దున్నే వాళ్ళ నాన్న సైకిల్ వెనక కూర్చుని బడికి పోయేవాడు. వాణికి ఇంకా ఐదు నిండలేదు. బడికి వెళ్ళే ఈడు కాదు, ఒకచోట కూర్చునే రకమూ కాదు. దాని కాళ్ళు నేలకి ఆనేవి కావు. ఇంట్లో మాతోపాటు మా అత్తగారు ఉండేవారు. ఆవిడది దివిసీమ, అవనిగడ్డకి దిగువన సముద్రం దగ్గర పల్లె. ఎండుచేపా చింతచిగురూ కలిపి ఆవిడ వండే కూర వాసన వీధి చివరికి వచ్చేది. వక్కపొడి సంచీ బొడ్లో లేకుండా ఆవిణ్ణి చూసిందే లేదు. తెల్లారగానే పెరటి తలుపు తీసి, కాలవ ఎంత ఎత్తున ఉందో ఒక చూపు చూసి, ఆ తర్వాతే ముఖం కడుక్కునేవారు. రేవులోకి మాత్రం ఎప్పుడూ దిగేవారు కాదు.

ఆవిడకి ఇంకో అలవాటు ఉండేది. పిల్లల్ని ఎప్పుడూ చెయ్యి పట్టుకుని నడిపించేవారు కాదు, మణికట్టు దగ్గర పట్టుకునేవారు. కొత్తలో నాకు చిరాకేసేది, దొంగని పట్టుకెళ్తున్నట్టు ఆ పట్టేమిటని. ఒకరోజు వాణిని వేళ్ళు పట్టుకుని వీధిలోకి తీసుకెళ్తుంటే వెనక నుంచి పిలిచారు. "అట్టా కాదమ్మాయ్. చెయ్యి పట్టుకుంటే జారిపోద్ది. ఇదిగో, ఇక్కడ పట్టుకో" అని నా వేళ్ళు తీసి పిల్ల మణికట్టు చుట్టూ పెట్టారు. ఆ సాయంత్రం మా ఆయన్ని అడిగితే, ఉప్పెన వచ్చినప్పుడు తన చెల్లెలికి మూడేళ్ళనీ, అమ్మ చెయ్యి పట్టుకునే ఉందనీ చెప్పి ఊరుకున్నారు. నేనింకేమీ అడగలేదు. ఆ రోజు నుంచి నేనూ మణికట్టే పట్టుకున్నాను.

కోళ్ళు ఆవిడ తెచ్చినవే. వాళ్ళ తమ్ముడి ఇంటికి వెళ్ళి, ఒక పెట్టనీ ఏడు పిల్లల్నీ గంపలో పెట్టుకుని, అంత దూరం బస్సులో తీసుకొచ్చారు. కండక్టరు గొణిగితే, "నీకూ ఓ పిల్లనిత్తాలే, పెంచుకో" అన్నారట. పగలంతా అవి పెరట్లో తిరిగేవి, చీకటి పడేముందు గంప కింద మూసేవారు. రోజూ పదకొండు గంటలకి, గడియారం చూడకుండానే, ఆవిడ చేటలో నూకలు పోసుకుని పెరట్లోకి వచ్చేవారు. మా వీధిలో వాళ్ళు ఆవిడ చేట చూసి ఎసరు పెట్టుకునేవారు. పిల్లలిద్దరికీ ఆ కోళ్ళే లోకమైపోయాయి. నా ప్రాణానికి మాత్రం అక్కడే పట్టుకుంది. కోడిపిల్లకి గట్టేదో నీళ్ళేవో తెలుసు, వాణికి తెలియదు. కోడిపిల్ల రేవు అంచుదాకా పరుగెత్తి పక్కకి తిరిగేది. దాని వెనక ఈ పిల్ల.

ఒక ఉదయం అదే జరిగింది. బట్టలు ఆరేస్తున్నాను. పసుపు రంగు ఉండ ఒకటి రేవువైపు దొర్లింది, దాని వెనకే గులాబీ రంగు గౌను. ఎలా పరుగెత్తానో తెలియదు. రెండో మెట్టు మీద గౌను వెనక ముడి నా వేళ్ళకి దొరికింది. పిల్ల ముందుకి తూలి, ముడి మీద వేలాడి, వెనక్కి వచ్చి నా మీద పడింది. అది నవ్వుతోంది, ఆటనుకుంది. నేను ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాను. తర్వాత మూడు రోజులు అన్నం సయించలేదు. పిల్లని గుంజకి కట్టేయలేను గదా, కోళ్ళనైనా ఒకచోట మూసేస్తే వాటి వెంట పడదు అనుకున్నాను. ఆ గూడు సరదాకి కట్టింది కాదు, కోళ్ళ మీద ప్రేమతో కట్టిందీ కాదు. పూర్తిగా భయంతో కట్టాను.

వడ్రంగిని పిలిస్తే "రేపొస్తానమ్మగారూ" అన్నాడు. మూడు వారాలు అదే రేపు. చేపల చెరువుల మీద కాపలా పాకలు వేసే రోజులవి, ఊళ్ళో ఉలి పట్టినవాళ్ళెవరూ దొరకలేదు. మా ఆయనకి సుద్దముక్క తప్ప ఇంకేదీ చేతిలో నిలవదు. ఆయన కొట్టిన మేకుకి గోడే వంగుతుంది తప్ప మేకు దిగదు. ఇక నేనే దిగాను. పక్కింటి రంగారావు బాబాయి తన చెరువుకి తెచ్చుకున్న వాటిలోంచి ఎనిమిది సరుగుడు కర్రలిచ్చాడు. గునపంతో గుంటలు తీస్తుంటే గోడ మీద నుంచి చూసి, "ఏమ్మాయ్, కోళ్ళకా, మీ ఆయనకా?" అన్నాడు. "ఎవరు ముందు మాట వినకపోతే వాళ్ళకి" అన్నాను. నల్లరేగడి గునపాన్ని పట్టుకుని వదిలేది కాదు. రోజుకి ఒక గుంట, ఒక్కోరోజు అదీ లేదు. అన్నం వార్చడానికీ, పిల్ల ముక్కు తుడవడానికీ, బడి నుంచి వచ్చినవాడికి పెట్టడానికీ మధ్య మధ్యలో దొరికిన వేళల్లో కట్టిన గూడు అది. వాణి సాయం చేసేది. అంటే నేను తీసిన మట్టి మళ్ళీ గుంటలో పోసేది. నేను పెదవుల మధ్య మేకులు పెట్టుకుని పని చేస్తుంటే ఒకరోజు తిరిగి చూసేసరికి దాని నోట్లోనూ మూడు మేకులు. నోట్లో వేలు పెట్టి ఒక్కొక్కటే తీశాను. అవి మూడేనా, నాలుగా? డబ్బాలో మేకులన్నీ కింద పోసి చూసుకున్నాను, ముందు ఎన్నున్నాయో తెలిస్తే గదా. మర్నాడు పొద్దుటిదాకా ఆ నాలుగో మేకు నా కడుపులోనే గుచ్చుకుంది.

రెండు నెలలకి గూడు లేచింది. ఊడవడానికి నడుం పూర్తిగా వంచక్కర్లేకుండా ఎత్తుగా కట్టుకున్నాను. పైన తాటాకు, మూడు వైపులా ఇనప జాలీ. వెనక మూల మాత్రం పాత పెట్టె చెక్కలు కొట్టి, ముందు గోనెపట్టా వేలాడదీసి చీకటి చేశాను. పొదిగే కోడికి చీకటి కావాలని అత్తగారు చెప్పారు. ఇక తలుపు. ఆ తలుపు గడియ చూసుకుని నేను పడిన మురిపెం ఇంతా అంతా కాదు. చేతుల్లో గుడ్లో చీపురో ఉంటే గడియ ఎలా పెట్టడమని ఆలోచించి, ఒక చెక్కముక్కని మేకు మీద తిరిగేలా బిగించాను. తలుపు దగ్గరికి పడితే చాలు, ఆ చెక్క బరువుకి తనంతట తానే జారి కొయ్య గాడిలో పడేది. టప్ మని ఒక శబ్దం. కోడి పొడిచినా, పిల్లి గీరినా రాదు. రంగారావు బాబాయి నాలుగుసార్లు తలుపు వేసి తీసి, "పంతులమ్మా, నిన్ను మా చెరువు మీద పనికి పెట్టుకోవాలి" అన్నాడు. వీధిలో ఇద్దరు ముగ్గురు వచ్చి చూసి వెళ్ళారు. పిల్లకీ నీళ్ళకీ మధ్య నా చేతులతో ఒక అడ్డు కట్టానని అనుకున్నాను. ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి మధ్యాహ్నం కునుకు తీశాను.

నాట్లు మొదలయ్యాయి, కాలవలకి నీళ్ళు వదిలారు. పెట్ట పొదుగుకి వచ్చింది. మట్టి మూకుట్లో ఊక పోసి, పదకొండు గుడ్లు పెట్టి, గోనెపట్టా వెనక మూలలో పొదగేశాం. అత్తగారు గుడ్ల మధ్యలో ఒక బొగ్గుముక్కా ఒక ఇనప మేకూ పెట్టారు, ఉరుములకి గుడ్లు మురిగిపోకుండా. "మూడు వారాలు ఇక్కడ గట్టిగా మాట్లాడకూడదు" అన్నారు పిల్లలతో. ఆవిడ అంతటితో ఊరుకున్నారు. నేను ఊరుకోలేదు. వాణి గొంతు నాకు తెలుసు గనక, దాన్ని పక్కకి పిలిచి, "నువ్వు అరిచావంటే కోడి లేచిపోద్ది, లోపల పిల్లలన్నీ చచ్చిపోతాయి" అన్నాను. పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని విన్నది. ఆ రోజు నుంచి పెరట్లో గుసగుసలాడేది. చివరికి వాళ్ళ నాన్న పిలిచినా నోటి మీద వేలు పెట్టుకునేది. అందరం నవ్వుకున్నాం. పసిపిల్లతో చావు మాట చెప్పి పని చేయించుకున్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. అప్పుడు నా తెలివికి మురిసిపోయాను.

ఆ రోజు ఇడ్లీకి పప్పు నానబోసి ఉంది. కొడుకూ తండ్రీ బడికి వెళ్ళాక వెనక వసారాలో రుబ్బురోలు దగ్గర కూర్చున్నాను. అత్తగారు లోపల బియ్యం ఏరుతున్నారు. వాణి నా వెనకే గవ్వలు పేర్చుకుంటోంది. పొత్రం తిరుగుతుంటే ఇంకేమీ వినపడదు. పిండి తీస్తూ వెనక్కి చూశాను. గవ్వలు ఉన్నాయి. పిల్ల లేదు. పిలిచాను, పలకలేదు. ఇంట్లో చూశాను, మంచం కింద చూశాను, వీధిలోకి వెళ్ళి చూశాను. గూటి దగ్గరికి పరుగెత్తాను. జాలీలోంచి ఎదిగిన కోడిపిల్లలు నేల గీరుతూ కనిపించాయి. తలుపుకి బయట గడియ పడి ఉంది. గడియ పడి ఉంటే లోపల ఎవరుంటారు? అక్కడ నుంచి తిరిగేసరికి రేవు పై మెట్టు మీద వాణి ఎర్ర ప్లాస్టిక్ చెప్పులు కనిపించాయి. రెండూ పక్కపక్కనే, కాలవవైపు తిరిగి.

"వాణీ! ఎక్కడ చచ్చావే! దొరికావంటే కాళ్ళిరగ్గొడతాను!" అని అరిచాను. ఆ అరుపుకి రంగారావు బాబాయి గోడ దూకి వచ్చాడు. చెప్పులు చూసి పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగాడు. అయిదు నిమిషాల్లో గట్టంతా మనుషులు నిండిపోయారు. ఒకరు నీళ్ళు కట్టించడానికి లాకుల దగ్గరికి సైకిలెక్కారు, ఇంకొకరు మా ఆయన కోసం బడికి పరుగెత్తారు. చెరువు మీద నుంచి లాగుడు వల తెచ్చారు. చేపల కోసం వాళ్ళు రోజూ లాగే వలే. ఈ గట్టున నలుగురు, ఆ గట్టున నలుగురు పట్టుకుని లాకుల వైపు నుంచి లాగుతున్నారు. నన్ను ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుని ఉన్నారు. వల మొదటిసారి పైకి వచ్చినప్పుడు గుర్రపుడెక్క వచ్చింది. రెండోసారి అందరూ ఒక్కసారిగా ఆగారు. "బరువుగా ఉందిరా" అన్నారెవరో మెల్లిగా. ఎవరూ నావైపు చూడలేదు. నల్లగా, పొడవుగా ఏదో తేలింది. నీళ్ళలో నానిపోయిన తాటి మొద్దు. దేవుడా, ఇది కాదన్నావు, మరింకేది చూపిస్తావు అనుకున్నాను. ఆ నిమిషం గురించి ఇంతకు మించి రాయలేను.

మా అత్తగారు గట్టు దగ్గరికి రాలేదు. వసారా గుంజని పట్టుకుని నిలబడి ఉన్నారు, కాలవవైపు వీపు పెట్టి. ఎంతసేపు అలా ఉన్నారో. ఉన్నట్టుండి లోపలికి వెళ్ళి చేట పట్టుకుని వచ్చారు. పక్కింటావిడ, "ఎక్కడికి పిన్నిగారూ?" అంటే, "పొదుగు కోడికి మేత వేళ దాటిపోయిందే" అన్నారు. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆవిడకి మతి పోయిందనుకున్నారు. నేను ఇంకా ఘోరంగా అనుకున్నాను. ఈవిడది గుండె కాదు రాయి, తన కూతురు పోయినప్పుడు కూడా కోళ్ళకి మేత వేసుకునే ఉంటుంది అనుకున్నాను. ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఈ మాట చెప్పి క్షమించమని అడగాలనుకున్నాను. అడగలేదు.

ఆవిడ గడియ ఎత్తి తలుపు తీసి, వంగి లోపలికి వెళ్ళారు. గోనెపట్టా తొలగించారు. చేట కిందపడిన చప్పుడు వినిపించింది. "శారదా" అన్నారు. ఎప్పుడూ అమ్మాయ్ అనే తప్ప నన్ను పేరు పెట్టి పిలవని మనిషి. నేను వెళ్ళేసరికి చీకటి మూలలో, కోడి పక్కన, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని వాణి కూర్చుని ఉంది. నోటి మీద వేలు ఉంది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. కోడిని చూద్దామని లోపలికి వచ్చింది, వెనక తలుపు పడింది, నేను మురిసిపోయిన చెక్క టప్ మని గాడిలో పడింది. పొత్రం చప్పుడులో నాకు వినపడలేదు. చెప్పులు మెట్టు మీద ఎవరు పెట్టారంటారా? నేనే. పొద్దున్నే బురద కడిగి ఆరబెట్టాను. భయం పడితే మన చేతులు చేసిన పని మనకే గుర్తుండదు.

పిల్లని బయటికి లాగి చెంప మీద కొట్టాను. ఊరందరి ముందు, నా బలం కొద్దీ. రెండో దెబ్బకి చెయ్యి ఎత్తితే అది కిందికి రాలేదు. మా అత్తగారు నా మణికట్టు పట్టుకున్నారు. ఆవిడ చేతిలో అంత బలం ఉంటుందని నాకు తెలియదు. అప్పుడు కూలబడి పిల్లని ఒళ్ళోకి తీసుకుని ఏడ్చాను. మా ఆయన చొక్కా తడిసి ముద్దై సైకిల్ దిగి, పిల్ల తల మీద చెయ్యి వేసి నిమురుతూనే ఉన్నారు. రంగారావు బాబాయి ఒంటి మీద నీళ్ళు కారుతుండగా గొంతుక్కూర్చుని, "ఎందుకు పలకలేదే తల్లీ? అంతమందిమి పిలిచాం గదా" అని అడిగాడు. వాణి నా ముఖం చూసింది, గూటివైపు చూసింది, "కోడి లేచిపోద్దని" అంది గుసగుసగా. ఏడుస్తున్నవాళ్ళంతా నవ్వారు. ఆ మధ్యాహ్నమే గడియ చెక్కని సుత్తితో ఊడబీకి పొయ్యిలో పెట్టాను. తలుపుకి పాత చీర పేలిక కట్టాను. పదకొండు గుడ్లలో తొమ్మిది పిల్లలయ్యాయి. కోడి కోసం ప్రాణం ఉగ్గబట్టుకుని కూర్చున్న పిల్ల కథ మా బంధువులందరికీ చేరింది. ప్రతి పెళ్ళిలోనూ ఎవరో ఒకరు చెప్పమనేవారు. చెప్పి చెప్పి నాకే అది ముద్దొచ్చే కథ అయిపోయింది.

గుడివాడలో వాణి గూడు చూసి ముందు నవ్వొచ్చింది. ఇనప గొట్టాల చట్రం, రంగు రేకు, లోపల ఒక బల్బు, మూలన చిన్న కెమెరా. తను కాలేజీలో పాఠాలు చెబుతుంది. మధ్యలో ఫోన్ తీసి కోళ్ళని చూసుకుంటుందట. "యూట్యూబ్ చూసి నేనే బిగించానమ్మా, మీ అల్లుడు పానా అందించడం తప్ప ఏం చేయలేదు" అంది. మాకు కాలవ ఉండేది, తనకి గేటు బయట ఆటోలూ లారీలూ ఉన్నాయి. ఆ రోజు నేను ఒక్క కేక వేస్తే ఊరు ఊరంతా నీళ్ళలో దిగింది. ఈ వీధిలో కేక వేస్తే ఎన్ని తలుపులు తెరుచుకుంటాయో అని చూశాను. అన్నిటి లోపలా ఏసీలు నడుస్తున్నాయి. ఐదేళ్ళ మనవరాలు నిత్య నా ఒళ్ళో చేరి, "అమ్మమ్మా, అమ్మ కోళ్ళ గూట్లో దాక్కున్న కథ చెప్పవా" అంది. చెప్పి చెప్పి అరిగిన కథే గదా, చెప్పాను. కోడి లేచిపోద్దని పలకలేదు చూడు, మీ అమ్మ ఎంత మంచిదో అని ముగించాను.

వాణి కరివేపాకు దూస్తోంది. తలెత్తకుండానే, "అది కాదమ్మా" అంది. "అందరూ నవ్వుతారని అలా చెప్పాను. కోడి ఎప్పుడో లేచి పక్కన నిలబడింది. నువ్వు కాళ్ళిరగ్గొడతానని అరిచావు కదా, అది వినపడింది. అంతకుముందు పలుకుదామనే నోరు తెరిచాను. నీ గొంతు విన్నాక భయమేసింది. ఎంతమంది పిలిస్తే అంత పెద్ద తప్పు చేశాననుకున్నాను. ఇంక బయటికి రాకూడదనుకున్నాను." కోపంగా అనలేదు. దూసిన ఆకు గిన్నెలో వేసి లేచి, "టీ పెడతాను" అని పిల్లల్ని వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళింది.

నేను పెరట్లో ఒక్కదాన్నే కూర్చున్నాను. ఇన్నేళ్ళూ ఆ రోజు భయపడింది నేనొక్కదాన్నే అనుకున్నాను. గూటి దగ్గరికి వెళ్ళాను. తలుపుకి బయట తనంతట తానే పడే గొళ్ళెం ఉంది. లోపలి వైపు, చిన్నపిల్ల చేతికి అందే ఎత్తులో, ఇంకో పిడి ఉంది. లోపల నుంచి తిప్పితే గొళ్ళెం పైకి లేస్తుంది. ఎవరూ చెప్పక్కర్లేదు, అది ఎందుకు పెట్టిందో నాకు తెలుసు. సరిగ్గా పని చేస్తుందో లేదో చూడాలనిపించింది. ఈ వయసులో, ఈ మోకాళ్ళతో, వంగి లోపలికి దూరాను. వెనక తలుపు పడింది. టప్ మంది. కోళ్ళు కొంచెం జరిగి నాకు చోటిచ్చాయి. ఊక వాసన, రెట్ట వాసన. రేకు సందులోంచి ఒక గీత వెలుగు.

"అమ్మా, టీ." వాణి పెరట్లోకి వచ్చింది. "అమ్మా?" వీధి గేటు చప్పుడైంది, తీసి చూసి ఉంటుంది. లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. "అమ్మా! ఎక్కడికెళ్ళావమ్మా? ఒక్క మాట చెప్పి వెళ్ళలేవా? ఆ మోకాళ్ళు పెట్టుకుని రోడ్డు మీద పడ్డావా? రా చెప్తాను, నిన్నింక ఒక్కదాన్ని బయటికి పంపితే ఒట్టు!" అది నా గొంతే. అచ్చం నా గొంతే, నా కూతురి నోట్లోంచి వస్తోంది. ఆ కేకలో ఉన్నదంతా భయమేనని నాకంటే ఎవరికి బాగా తెలుసు? అయినా గూడు లోపల కూర్చుంటే అది కోపంలాగే వినిపించింది. పిడి నా చేతికి అందే దూరంలోనే ఉంది. నా చెయ్యి లేవలేదు. అరవై దాటిన మనిషిని, నా కూతురు తిడుతుందని రేకుకి ఒదిగి కూర్చున్నాను.

"ఇక్కడే ఉన్నానే" అన్నాను ఎప్పటికో. చిన్నపిల్ల గొంతులా వచ్చింది.

అడుగులు దగ్గరికి వచ్చాయి. తలుపు తెరుచుకుంది. వాణి మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి చూసింది. ఎగశ్వాస వస్తోంది దానికి. తిడుతుందనుకున్నాను. అయినా చెయ్యి అందించాను. తన పట్టు వేళ్ళ దగ్గర ఆగలేదు, ఇంకాస్త పైకి జరిగి నా మణికట్టు చుట్టూ బిగుసుకుంది. అలా పట్టుకునే నన్ను బయటికి తీసుకొచ్చింది.